బీచ్ రోడ్డు సంగతి తర్వాత, ముందు బావి నీళ్ల సంగతి అడగండి

ప్రశ్న: మాది బాపట్ల జిల్లాలో, చీరాలకు దగ్గర్లో సముద్రం ఒడ్డున ఉన్న పంచాయతీ. పేరుకు పల్లెటూరే గానీ శని, ఆదివారాలొస్తే రోడ్డు దాటడానికి సందుండదు. హైదరాబాదు, గుంటూరు, విజయవాడల నుంచి కార్లే కార్లు. సరుగుడు తోటలు పోయి రిసార్టులు, వెంచర్లు వచ్చాయి. మా నాయన కాలంలో కడుపునిండా తాగిన బావి నీళ్లు ఇప్పుడు పప్పు ఉడకడానికి కూడా పనికిరావడం లేదు. సర్పంచ్ పదవికి ముగ్గురు తిరుగుతున్నారు. ఒకాయన సముద్రం వెంబడి లైట్లతో బీచ్ రోడ్డు వేయిస్తానంటున్నారు. ఇంకొకాయన ఊరిని మున్సిపాలిటీ చేయిస్తానంటున్నారు. మూడో ఆవిడ ఊరికి ముఖద్వారం, వీధి వీధినా సీసీ కెమెరాలు అంటున్నారు. మా డ్వాక్రా సంఘం వాళ్లం ముగ్గురినీ పిలిచి కూర్చోబెట్టి అడగాలనుకుంటున్నాం. ఏం అడగాలి? దేన్ని ముందు పెట్టాలి?

సమాధానం: ఆ మూడు హామీల్లో పంచాయతీ చేతిలో పూర్తిగా ఉన్నది ముఖద్వారం ఒక్కటే. కెమెరాలు పెట్టవచ్చు, కాకపోతే ఏడాది తిరిగేసరికి ఉప్పుగాలికి తుప్పు పట్టిన పెట్టెలను ఎవరు బాగుచేయిస్తారో కూడా చెప్పాలి. మున్సిపాలిటీ చేయడం రాష్ట్ర ప్రభుత్వం పని. సముద్రం పక్కన రోడ్డు వేయాలంటే తీరం వెంబడి కట్టడాలను నియంత్రించే కేంద్ర నిబంధనలు, అంటే సీఆర్‌జెడ్, అడ్డం వస్తాయి. అందుకని ఏ హామీ విన్నా మూడు ప్రశ్నలు వెంటనే వేయండి. ఇది చేసే అధికారం పంచాయతీకి ఉందా? డబ్బు ఏ ఖాతాలోంచి వస్తుంది? మొదటి ఆరు నెలల్లో దీనిమీద ఏ తీర్మానం పెడతారు? మూడో ప్రశ్న దగ్గర చాలామంది నీళ్లు నములుతారు.

సర్పంచ్ ఒక్కరినే పిలవడం కూడా చాలదు. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. సర్పంచ్‌ను ఊరంతా నేరుగా ఎన్నుకుంటుంది, వార్డు సభ్యుణ్ని ఆ వార్డు ఎన్నుకుంటుంది, ఉపసర్పంచ్‌ను సభ్యులు తమలోంచి ఎన్నుకుంటారు. ఊరి జనాభాను బట్టి సభ్యులు 5 నుంచి 21 మంది దాకా ఉంటారు. తీర్మానం నెగ్గాలంటే వాళ్ల చేతులు లేవాలి. రిసార్టు యజమాని బంధువో, నీళ్ల ట్యాంకర్లు తిప్పే మనిషో వార్డు సభ్యుడిగా ఉంటే సర్పంచ్ ఎంత మంచివారైనా ఆ తీర్మానం ముందుకు కదలదు. మీ వార్డుల అభ్యర్థులను కూడా అదే చాప మీద కూర్చోబెట్టండి.

ఇక ప్రాధాన్యం. మీ ఉత్తరంలో ఒక్క వాక్యంగా వచ్చిపోయిన పప్పు సంగతే అన్నిటికన్నా ముందు రావాలి.

సముద్రం ఒడ్డున ఇసుక కింద తీపి నీరు ఒక పలచటి పొరలా, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. లీటరు మంచినీరు 1,000 గ్రాములు తూగితే సముద్రపు నీరు దాదాపు 1,025 గ్రాములు తూగుతుంది. ఆ కొద్దిపాటి బరువు తేడా వల్లే తీపి నీరు పైన నిలుస్తోంది. లెక్క ప్రకారం సముద్రమట్టం కన్నా తీపి నీటి మట్టం ఒక అడుగు ఎత్తున ఉంటే దాని కింద సుమారు 40 అడుగుల లోతు దాకా తీపి నీరు ఉంటుంది. ఇదే లెక్క తిరగేస్తే, మోటార్లు తోడి తోడి మట్టాన్ని ఒక్క అడుగు దించితే కింది ఉప్పు 40 అడుగులు పైకి జరుగుతుంది. బోరు ఎంత లోతుకు దించి ఎంత పెద్ద మోటారు పెడితే, సరిగ్గా ఆ బోరు కింద ఉప్పునీరు అంత గోపురంలా లేస్తుంది. ఒకసారి పైకి వచ్చిన ఉప్పు ఒక వానాకాలంతో వెనక్కి పోదు.

ఈ సంగతి మీ ప్రాంతపు రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. చీరాల, బాపట్ల ఇసుక నేలల్లో దొరువులు తవ్వి కూరగాయలు, వేరుశనగ పండించిన వాళ్లు వాళ్లు. దొరువు లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. పైపొర నీటినే కొద్దికొద్దిగా తీసుకుంటుంది, కిందిదాన్ని కదపదు. బాపట్లలోని వ్యవసాయ పరిశోధకులు ఇదే పద్ధతిని మెరుగుపరిచి, అడ్డంగా గొట్టాలు పరిచి పైపొర నీటిని తోడే దొరువు విధానంగా రైతులకు ఇచ్చారు. పది అడుగుల దొరువు పక్కన వంద అడుగుల బోరు పడితే దొరువూ చెడుతుంది.

పప్పు ఉడకకపోవడం నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం పెరిగాయనడానికి గుర్తు. ఉప్పునీరు ఇసుకలోకి చొచ్చుకొచ్చే తొలిదశలో ఈ కాఠిన్యం పెరగడం మామూలే. నాలుకకు ఉప్పు తెలిసేది క్లోరైడు లీటరుకు 250 మిల్లీగ్రాములు దాటాక. అంటే ఉప్పు మాట నాలుక కన్నా ముందు కుక్కరే చెబుతుంది. అయితే పప్పును సాక్ష్యంగా ఏ అధికారీ ఒప్పుకోడు కాబట్టి కాగితం మీద అంకెలు కావాలి. నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని, అంటే టీడీఎస్‌ను, చూపించే పెన్నులాంటి మీటరు ఒకటి కొనండి. ఊళ్లో ఎనిమిది బావులు ఎంచుకోండి. సముద్రానికి దగ్గరగా రెండు, మత్స్యకారులుండే పల్లెపాలెంలో రెండు, రిసార్టుల పక్కన రెండు, ఊరి వెనకవైపు రెండు ఉంటే సరిపోతుంది. నెలకు ఒకసారి, ఒకే తేదీన, తెల్లవారగానే, మోటార్లు వేయకముందే కొలిచి నోటుపుస్తకంలో రాయండి. భారత ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు. వేరే దారి లేకపోతే 2,000 దాకా సరిపెట్టుకోవచ్చు. ఒక్క నెల అంకెతో ఏదీ తేలదు. మే నెలాఖరుకు పెరిగి డిసెంబరుకు తగ్గితే బావి ఇంకా బతికే ఉంది. డిసెంబరులో కూడా తగ్గకపోతే ఉప్పు స్థిరపడుతోందని అర్థం. ఆ పుస్తకాన్ని అభ్యర్థుల ముందు పెట్టి అడిగితే, ఊకదంపుడు ఉపన్యాసాలకు చోటుండదు.

అడగాల్సింది ఇది. గెలిచిన మూడు నెలల్లో ఊళ్లో ఉన్న బోర్లన్నిటి జాబితా, లోతు, మోటారు హార్స్‌పవర్‌తో సహా తయారుచేసి పంచాయతీ గోడకు అంటిస్తారా? 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం బోరు వేయడానికి అనుమతి, నమోదు తప్పనిసరి. అనుమతి లేనివాటి మీద తీర్మానం చేసి మండల అధికారులకు పంపుతారా? బోరు నీళ్లు ట్యాంకర్లకు ఎక్కించి అమ్మడం ఆపుతారా? కొత్త రిసార్టు ఎక్కడి నీళ్లు వాడుతుందో చెప్పకుండా కాగితం కదపరని మాటిస్తారా?

రిసార్టు ఎన్ని నీళ్లు తాగుతుందో ఒక లెక్క వేసుకోండి. ఊళ్లో 9,000 మంది ఉన్నారనుకుందాం. జల్ జీవన్ మిషన్ కొలత ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు, మొత్తం 4,95,000 లీటర్లు. మంచినీటి ఇంజనీర్ల కొలతలో హోటల్లో ఒక మంచానికి 180 లీటర్లు. 300 గదులు, గదికి ఇద్దరు అనుకుంటే 1,08,000 లీటర్లు. ఈతకొలను, పచ్చిక తడపడం దీనికి అదనం. 600 మంది అతిథులు దాదాపు 2,000 మంది ఊరివాళ్ల నీళ్లు వాడుతున్నారన్నమాట. మీ ఊరి అసలు అంకెలు వేసి ఇదే లెక్క కట్టుకోండి.

వాన నీటి మాట కూడా అడగండి గానీ, ఇంకుడు గుంత అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోనివ్వకండి. 1,000 చదరపు అడుగుల శ్లాబు మీద ఏడాదికి 800 మిల్లీమీటర్లు కురిసి, అందులో 80 శాతం పట్టుకున్నా దాదాపు 59,000 లీటర్లు ఇసుకలోకి దిగుతాయి. రిసార్టుల కప్పులన్నీ కలిపితే ఎంతవుతుందో ఊహించండి. అక్కడి వాన నీరు ఇప్పుడు కాలువలోకి, అక్కడినుంచి సముద్రంలోకి పోతోందా, ఇసుకలోకి దిగుతోందా అన్నది చూడాలి.

నీళ్ల తర్వాత మరుగుదొడ్లు. ఈ మాట ఎత్తడానికి అభ్యర్థులు మొహమాటపడతారు, కానీ ఈ రెండూ ఒకే కథ. వాడిన నీటిలో 80 శాతం మురుగుగా తిరిగొస్తుందని లెక్క, అంటే పై ఉదాహరణలో గదుల నుంచే రోజుకు 86,000 లీటర్లు పైన. భూగర్భ డ్రైనేజీ లేని ఊళ్లో అదంతా సెప్టిక్ ట్యాంకుల్లోకి, ఇంకుడు గోతుల్లోకి పోతుంది. గోతి అడుగుకూ భూగర్భ జలానికీ మధ్య కనీసం 2 మీటర్ల పొడి నేల ఉండాలంటారు ఇంజనీర్లు. తీరంలో వానాకాలంలో రెండు మూడు అడుగులకే నీళ్లు తగిలే చోట్లున్నాయి. అక్కడ అడుగు లేని గోతి కట్టడమంటే బావిలోకి గొట్టం వేసినట్టే. నల్లరేగడి అయితే మురుగును కొంత పట్టి ఉంచుతుంది, ముతక ఇసుక పట్టి ఉంచదు. ఇలాంటి చోట గోతి అడుగు సిమెంటుతో మూసేసి, చుట్టూ అర మీటరు మందాన సన్న ఇసుక పోయాలి. బావికి కనీసం 15 మీటర్లు దూరం ఉండాలి, ముతక ఇసుకైతే అంతకన్నా ఎక్కువ. పల్లెపాలెంలో ఇళ్లు ఇరుకు కాబట్టి ఇంటింటికీ ఈ దూరం దొరకదు. అక్కడ పది పన్నెండు ఇళ్లకు కలిపి ఒకే మూసిన ట్యాంకు కట్టి, నిండినప్పుడు తోడించడమే దారి.

తోడించడం దగ్గరే అసలు మోసం జరిగేది. సెప్టిక్ ట్యాంకు లారీ పగలు రిసార్టులో నింపుకుని, రాత్రి పూట డ్రెయిను కట్ట మీద నిలబడి గొట్టం వదులుతుంది. దాన్ని ఆపడానికి పంచాయతీ చేయగలిగింది ఉంది. ఊళ్లో తిరిగే లారీలు నమోదు చేయించుకోవాలి, ప్రతి ట్రిప్పుకూ ఎక్కడ నింపారో ఎక్కడ వదిలారో రెండు సంతకాల రసీదు ఉండాలి, రసీదు లేకుండా దొరికితే జరిమానా వేయాలి. ఎక్కడ వదలాలో చెప్పకుండా జరిమానా వేస్తే మాత్రం లారీ పక్క ఊరికి పోతుంది, అంతే. అందుకని దగ్గర్లోని పట్టణంలో మలవ్యర్థాల శుద్ధి కేంద్రం ఉంటే దానితో ఒప్పందం చేసుకుంటారా అని అడగండి. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపి శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం అన్నది కూడా ఒకసారి గుర్తుచేయండి.

టీడీఎస్ మీటరు మురుగును చూపించదు. 300 చూపించే తియ్యటి బావిలో కూడా మురుగు ఉండవచ్చు. దానికి చిన్న సీసా పరీక్ష ఉంది. నీళ్లు పోసి ఒకటి రెండు రోజులుంచితే మలం కలిసిన నీరు నల్లబడుతుంది. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్షల కిట్ వాడకం నేర్పాలి. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో కనుక్కోండి. మీ సంఘంలోనే ఉండి ఉంటారు, కిట్ మాత్రం పంచాయతీ బీరువాలో ఉండి ఉంటుంది.

ఇప్పుడు ప్రాణాల సంగతి. రామాపురం, వాడరేవు, సూర్యలంక తీరాల్లో స్నానానికి దిగి మునిగిపోయిన వాళ్ల వార్తలు ఏటా చూస్తూనే ఉన్నాం. వచ్చినవాళ్లు తాగి దిగారని కొట్టిపారేయడం తేలిక. అందరూ తాగి దిగలేదు, చాలామంది నీళ్లు నెమ్మదిగా కనిపించిన చోటే దిగారు. కెరటాలు ఒడ్డును కొట్టి వెనక్కి పోయేటప్పుడు నీరంతా ఒక సన్నటి పాయగా లోపలికి లాగుతుంది. ఆ పాయలో కెరటం విరగదు, నురుగు తక్కువ, రంగు కాస్త ముదురు. అటూ ఇటూ కెరటాలు ఎగిరిపడుతుంటే మధ్యలో ప్రశాంతంగా కనిపించే ఆ జాగాకే పిల్లల్ని తీసుకెళ్తారు. అది రోజూ ఒకేచోట ఉండదు, ఇసుక కదిలితే అదీ కదులుతుంది. కాబట్టి శాశ్వతంగా పాతిన ‘ప్రమాదం’ బోర్డు వల్ల ఉపయోగం తక్కువ. పొద్దున్నే చూసి, దిగకూడని చోట ఎర్రజెండా పాతే మనిషి కావాలి. కార్తీక పౌర్ణమి స్నానాల రోజు జనం అత్యధికం. పౌర్ణమి కావడంతో పోటు, పాటు కూడా ఆ రోజే ఎక్కువ. ఆ ఒక్కరోజుకు విడిగా ఏర్పాటు ఉండాలి.

ఒడ్డున కాపలాకు రెండు మంచెలు, ఒక్కో మంచెకు ఇద్దరు గజ ఈతగాళ్లు, సెలవులకు మారేందుకు ఇంకో ఇద్దరు, మొత్తం ఆరుగురు. నెలకు 15,000 చొప్పున ఏడాదికి 10.8 లక్షలు. ఒకరు నీళ్లలోకి దూకితే రెండోవారు మంచె మీద నుంచి చెయ్యి చూపించాలి కాబట్టి మంచెకు ఒక్కరితో పని జరగదు. పార్కింగు రుసుము కారుకు 50 రూపాయలు, శని ఆదివారాలు 104 రోజులు, రోజుకు 200 కార్లు అనుకుంటే 10.4 లక్షలు. పండగలు, వేసవి కలిస్తే జీతాలు వెళ్లిపోతాయి. ఈ డబ్బు పంచాయతీ ఖాతాలో పడాలి, దానికి బహిరంగ వేలం, తీర్మానం ఉండాలి. ఇప్పుడు పార్కింగు డబ్బులు ఎవరు వసూలు చేస్తున్నారో అభ్యర్థులను అడగండి. జవాబు చెప్పే తీరులోనే సగం సంగతి తెలిసిపోతుంది.

ఈతగాళ్లను మీ పల్లెపాలెం కుర్రాళ్లలోంచే తీసుకోవాలి. ఈత వాళ్లకు వచ్చు, కావాల్సింది శిక్షణ. మునిగిన మనిషిని ఒడ్డుకు తెచ్చి కడుపు నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులుగా వేలాడదీయడం ఇప్పటికీ చూస్తున్నాం. అందువల్ల కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, విలువైన నిమిషాలూ పోతాయి. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో ఊపిరి ఊదాలి, ఛాతీ నొక్కాలి, 108 రావడానికి దారి ఖాళీగా ఉండాలి. ఆదివారం సాయంత్రం ఆ దారి ఖాళీగా ఉంటుందో లేదో మీకే తెలుసు.

బీచ్ రోడ్డు హామీని కొట్టిపారేయమని చెప్పడం లేదు, ఎక్కడ వేస్తారో గీత గీసి చూపించమనండి. గ్రామీణ తీరంలో సముద్రపు పోటు గీత నుంచి కొంత దూరం వరకు కట్టడాలు నిషేధం. 2011 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్‌లో ఆ దూరం 200 మీటర్లు. 2019 నోటిఫికేషన్‌లో, 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మంది కన్నా ఎక్కువ ఉన్న చోట్ల దాన్ని 50 మీటర్లకు తగ్గించి, మిగతాచోట్ల 200 ఉంచారు. కొత్త లెక్క వర్తించాలంటే దాని ప్రకారం తయారైన తీర పటం ఆమోదం పొంది ఉండాలి. పోటు గీత అంటే మీ కంటికి తడి కనిపించే చోటు కాదు, పటంలో గీసిన గీత. ‘నేను గెలిస్తే ఒడ్డు స్థలాలకు పర్మిషన్లు ఇప్పిస్తా’ అనే అభ్యర్థికి ఈ పటం తెలియదో, తెలిసే చెబుతున్నారో తేల్చుకోండి. కొచ్చి దగ్గర మరడులో తీర నిబంధనలకు విరుద్ధంగా కట్టిన బహుళ అంతస్తుల భవనాలను సుప్రీంకోర్టు ఆదేశంతో 2020 జనవరిలో నేలమట్టం చేశారు. వాటికి స్థానిక సంస్థ అనుమతి కాగితాలున్నాయి, ఆ కాగితాలు భవనాలను కాపాడలేదు. నష్టపోయింది ఫ్లాట్లు కొనుక్కున్నవాళ్లు.

రోడ్డు పక్కన రాతికట్ట కూడా కడతామంటే ఇంకా జాగ్రత్త. ఇసుక ఒడ్డు కెరటం దెబ్బను మెత్తగా మింగుతుంది. గోడ మింగదు, తిప్పి కొడుతుంది. ఆ తిరుగుదెబ్బకు గోడ ముందరి ఇసుక కోసుకుపోతుంది, కొన్నాళ్లకు గోడ మిగులుతుంది గానీ బీచ్ ఉండదు. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక నడక ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి. మధ్యలో సముద్రంలోకి పొడుచుకొచ్చేలా ఏది కట్టినా దక్షిణాన ఇసుక పేరుకుని, ఉత్తరాన ఒడ్డు కోతకు గురవుతుంది. పుదుచ్చేరి రేవు కట్టాక ఉత్తరాన బీచ్ పోయింది ఇలాగే. కాకినాడ దగ్గర ఉప్పాడలో కట్టిన రాళ్ల గోడను సముద్రం ఎన్నిసార్లు దాటిందో తీరంవాళ్లు మరిచిపోరు. దిబ్బలు, వాటిమీది సరుగుడు తోటలు మీ ఊరికి ఉన్న అసలైన గోడ. చదును చేసిన దిబ్బ మళ్లీ లేవడానికి ఏళ్లు పడుతుంది.

పడవల జాగా గురించి ఎవరూ హామీ ఇవ్వలేదని గమనించారా? ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఇంజను బోట్లకు వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఆ బోట్లన్నీ ఒడ్డుకెక్కి ఉంటాయి, వలలు బాగుచేసుకోవడం అప్పుడే. బడికి సెలవులు, బీచ్‌కు జనం కూడా సరిగ్గా అప్పుడే. ‘సుందరీకరణ’ అని బెంచీలు, టైల్స్ వేసేది సాధారణంగా పడవలు లాగే ఇసుక మీదే, ఎందుకంటే అది ఖాళీ స్థలంలా కనిపిస్తుంది. కాబట్టి పడవలకు, వలలకు, చేపలు ఎండబెట్టుకోవడానికి ఎన్ని మీటర్ల ఒడ్డు కావాలో పల్లెపాలెం పెద్దలు, చేపలమ్మే ఆడవాళ్లు కలిసి రాళ్లు పాతి కొలిచి, ఆ కొలతను గ్రామసభ తీర్మానంలో ఎక్కించాలి. తీర్మానం లేకుండా నోటిమాటగా ఉంటే ఐదేళ్లలో ఆ ఒడ్డు బెంచీల పాలవుతుంది.

తుపాను సంగతి క్లుప్తంగా. 2023 డిసెంబరు 5న మిగ్‌జామ్ మీ బాపట్ల దగ్గరే తీరం దాటింది. షెల్టరు తాళం ఎవరి దగ్గరుంది, ట్యాంకులో నీళ్లున్నాయా, జనరేటరు చివరిసారి ఎప్పుడు తిరిగింది, లోపల ఎవరి ఎరువుల బస్తాలైనా ఉన్నాయా? సెప్టెంబరులో వెళ్లి చూడండి, ఎన్నికలతో పనిలేదు.

చెత్త విషయంలో మీ ఊరి చిక్కు ఆదివారం రాత్రి మొదలై బుధవారం దాకా ఉంటుంది. గ్రీన్ అంబాసిడర్ల, అంటే పంచాయతీ పారిశుధ్య కార్మికుల, బళ్లు ఊరి రోజువారీ చెత్తకు లెక్కేసి ఇచ్చినవి, ఆదివారపు గుట్టకు కాదు. ఆ గుట్టలో ఎక్కువ జాగా తినేవి కొబ్బరి బోండాల డొప్పలు. వాటిలో వాన నీరు నిలిస్తే దోమలు. డొప్పను నాలుగు ముక్కలు చేసి ఆరబోస్తే పరిమాణం తగ్గుతుంది, నీరూ నిలవదు. బోండాలమ్మేవాళ్లే నరికి ఇవ్వాలనే షరతు వాళ్ల లైసెన్సులో పెడితే ఖర్చు లేకుండా పోతుంది. ఇసుకలో గుచ్చుకునే సీసా పెంకులు మాత్రం పొద్దున్నే, జనం రాకముందే చేత్తో ఏరాల్సిందే. తోపుడు బండ్లవాళ్లను తరిమేసి శుభ్రం అనిపించుకోవాలని చూసే అభ్యర్థి ఉంటే, ముందు రిసార్టుల చెత్త ఎక్కడికి పోతోందో చెప్పమనండి.

డబ్బు మాట లేకుండా ఇవన్నీ గాలిమాటలే. పంచాయతీ ఖర్చుల చెల్లింపులు, ప్రణాళిక ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు. మీ పిల్లల్లో ఎవరినైనా కూర్చోబెట్టి గత మూడేళ్లవి దింపించండి. 2021-26 కాలపు 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే కట్టేసి ఇచ్చారు. మీ ఊళ్లో ఆ 60 శాతం ఎక్కడ ఖర్చయిందో చూడండి. ఆ నిధులతో జీతాలివ్వకూడదు కాబట్టే ఈతగాళ్లకు పార్కింగు డబ్బు చూపించాం. మిగతా ఆదాయం ఇంటి పన్ను, లైసెన్సు ఫీజులు, వేలాలు. రిసార్టులకు ఏ లెక్కన ఇంటి పన్ను వేశారో అడగండి. పంచాయతీ రిజిస్టర్లో ‘తోటలో షెడ్డు’గా ఉన్నది బయట ‘బీచ్ విల్లా’ బోర్డుతో నడుస్తుంటే, రెండింటికీ మధ్య తేడా మీ ఊరి నష్టం. వెంచర్లలో పంచాయతీకి వదలాల్సిన 10 శాతం ఖాళీ స్థలం రిజిస్టరు అయ్యిందా, ఇప్పుడు దానిమీద ఏముంది? గ్రామస్థాయి కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టడానికి మన రాష్ట్రంలో రుసుము లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎన్నికల నోటిఫికేషన్ రాకముందే దరఖాస్తు పెడితే జవాబు చేతిలో పట్టుకుని సభకు పోవచ్చు.

వచ్చే ఏడాది ప్రణాళిక తయారీ సాధారణంగా అక్టోబరు 2న మొదలవుతుంది. 2021 ఫిబ్రవరిలో ఎన్నికైన పాలకవర్గాల ఐదేళ్ల గడువు 2026 దాకానే. వాళ్ల తర్వాత వచ్చే సర్పంచ్ చేతికి ఆ ఏడాది ప్రణాళిక దాదాపు తయారై వస్తుంది, తన ముద్ర పడేది ఆ తర్వాతిదాని మీద. ‘రాగానే మొత్తం మార్చేస్తా’ అన్న మాటను ఈ క్యాలెండరు పక్కన పెట్టి చూడండి.

మున్సిపాలిటీ చేస్తే మేలా అంటే, తొందరపడకపోవడమే మేలు అని మా అభిప్రాయం. కమిషనరు, ఇంజనీరు, పట్టణ ప్రణాళిక అధికారి వస్తారు, భూగర్భ డ్రైనేజీలాంటి పెద్ద పనులకు దారి తెరుచుకుంటుంది. అది నిజం. కానీ పన్ను విధానం మారుతుంది. రాష్ట్రంలో పట్టణ ఆస్తి పన్ను 2021 నుంచి ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు, రిసార్టుల పుణ్యమా అని మీ దగ్గర భూముల ధర పెరిగింది కాబట్టి పల్లెపాలెంలోని రెండు గదుల ఇంటికీ ఆ సెగ తగులుతుంది. ఉపాధి హామీ పనులు గ్రామీణ ప్రాంతాలకే. గ్రామసభ ఉండదు. ఛైర్మన్‌ను మీరు నేరుగా ఎన్నుకోరు, కౌన్సిలర్లు ఎన్నుకుంటారు, ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరుగుతాయి. మురుగునీటి పథకం కాగితం మీదికి రాకుండా బోర్డు మాత్రం మార్చుకోవడం వల్ల లాభపడేది వెంచర్ల బ్రోచర్లే.

సభ పెట్టేటప్పుడు ముగ్గురికీ ఒకే ప్రశ్నల కాగితం రెండు రోజుల ముందే ఇవ్వండి, ఆరుకు మించి వద్దు. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు, జవాబు రాసి సంతకం పెట్టాలి. పల్లెపాలెం వాళ్లు వేటకు పోని రోజు చూసి పెట్టండి. నోటిఫికేషన్ వచ్చాక సభకు అనుమతి కావాలి కాబట్టి ముందే కానిచ్చేయండి. గుడికి ఇంత ఇస్తామని పెద్దలు మాట్లాడుకుని ఏకగ్రీవం చేసే ప్రయత్నం జరిగితే మీ ప్రశ్నల కాగితానికి చోటే ఉండదు. పదవిని వేలం వేయడం చట్టవిరుద్ధమని ఆ మాట పుట్టిన రోజే పైకి చెప్పండి.

సర్పంచ్ స్థానం మహిళలకు రిజర్వయితే కాగితంలో ఇంకొక్క ప్రశ్న కలపండి. పంచాయతీ సమావేశంలో కుర్చీలో మీరు కూర్చుంటారా, మీ ఆయన కూర్చుంటారా? ఈ ప్రశ్న ఆవిడనే అడగండి. ఆయన జవాబిస్తే ఆ జవాబును కూడా రాసుకోండి.